ఫాల్టు పక్కింట్లో ఉంది

మీ ట్రైలర్లో కరెంటు పోయిందని డెల్బర్ట్ హూపర్‌ని పిలిచారనుకోండి, ఆయన పరుగున వస్తాడు. వచ్చి, మీ పక్కవాళ్ళ ట్రైలర్ విప్పుతాడు.

ఇది ఆయనంటే గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. ఉత్తరాన మంచు మొదలవగానే బండి వెనకాల ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని అరిజోనా ఎడారికి దిగివచ్చే పెద్దవాళ్ళు వేలమంది ఉంటారు. వాళ్ళలో, ట్రైలర్లు నిలుపుకునే లేజీ క్వెయిల్ పార్కులో ఒక్క చలికాలం గడిపినవాళ్ళెవర్నయినా అడగండి, ప్రమాణం చేసి మరీ చెబుతారు. కరెంటు పోయేది ఒకళ్ళకి, ఇల్లు పీకి పందిరి వేయించుకునేది ఇంకొకళ్ళు.

రూడీ బాకా న్యూమెక్సికో నుంచి కొత్తగా వచ్చిన ఏడాది ఆయన ఫ్యాను తిరగడం మానేసింది. డెల్బర్ట్ వచ్చాడు. ఫ్యానుకి చెవి ఆనించి విన్నాడు, వాసన చూశాడు, ఒక రెక్కని వేలితో తిప్పి అది ఆగేదాకా మర్యాదగా నిలబడ్డాడు. "ఫాల్టు ఇక్కడ లేదు," అన్నాడు. తిన్నగా అదే వరసలో ఉండే నోరీన్ పాష్కా ఇంటికి పోయి, ఆవిడ జుట్టు ఉంగరాలు తిరగాలని తలకి రోలర్లు చుట్టుకుని ఉండగానే, ఆవిడ ఫ్రిజ్ లాగి వాకిట్లో పెట్టాడు.

"నా ఫ్రిజ్ నిన్నేం చేసిందయ్యా?" అంది నోరీన్.

"దీనికీ రూడీ ఫ్యానుకీ సంబంధం ఉంది."

"ఏం సంబంధం?"

"అదే వెతుకుతున్నా."

వెతుకులాట పొద్దుపోయేదాకా సాగింది. ఈలోగా ఫ్రిజ్‌లో ఐస్‌క్రీము కరగడం మొదలెట్టింది. పారబోయడానికి చేతులు రాక నోరీన్ కేకేస్తే, వరసలోవాళ్ళంతా చెంచాలు పట్టుకుని వచ్చారు. అప్పటిదాకా ఎవరితోనూ మాట కలపని రూడీ కూడా చెంచా తెచ్చుకున్నాడు. అందరూ గిన్నె అడుగు గీకుతూ ఉండగా రూడీ ఇంట్లో ఫ్యాను దానంతటదే తిరిగింది. ఎలా తిరిగిందని అడిగితే డెల్బర్ట్, "తిరుగుతోందిగా, ఇంకేం?" అన్నాడు.

ఇంకోసారి ఆఫీసు బోర్డు మీద లైట్లు ఆరిపోయాయి. దానికి డెల్బర్ట్, ఒక్క రాత్రి పడుకుని తెల్లారగానే వెళ్ళిపోదామని ఆగిన క్లైడ్ అనే పెద్దమనిషి ట్రైలర్‌ని విప్పి కూర్చున్నాడు. బోర్డు మర్నాడే వెలిగింది గానీ క్లైడ్ ట్రైలర్ మళ్ళీ బిగించేసరికి వారం దాటింది. ఆ వారంలో ఆయన పేకాటలో చేరిపోయాడు. వరస చివర ఇప్పటికీ ఉన్నాడు. పార్కంతా ఆయన్ని ఒక్కరాత్రి క్లైడ్ అంటారు.

డెల్బర్ట్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ప్యాంటుకి పట్టీలు, మెడలో ఒక కళ్ళజోడు, నెత్తిమీద ఇంకో కళ్ళజోడు. చేతిలో ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు ఉంటుంది. ఉద్యోగం చేసే రోజుల్లో ఏం చేసేవాడో ఎవరికీ సరిగ్గా తెలీదు. లిఫ్టులు బాగుచేసేవాడని రూడీ అంటాడు. చర్చిలో ఆర్గన్ మరమ్మతు చేసేవాడని క్లైడ్ అంటాడు. బూట్లు అమ్మేవాడని నోరీన్ అనుమానం.

ఇలాంటి మనిషి చేతిలో పడింది ఆర్డిత్ కోల్‌స్టాడ్.

ఆర్డిత్‌ది నార్త్ డకోటా. భర్త లైల్ వసంతంలో పోయాడు. పోయేముందే ఈ చలికాలానికి లేజీ క్వెయిల్‌లో జాగా మాట్లాడి పెట్టాడు. "ఒంటిదానివి, అంత దూరం ట్రైలర్ ఈడ్చుకుంటూ ఎందుకే?" అని మైనాట్‌లో ఉండే అక్క మావిస్ పోరు పెట్టినా, లైల్ పెట్టుకున్న ముచ్చట కదా అని మొండిగా ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది.

వచ్చాక అర్థమైంది, అక్క మాటే నిజమని. పార్కులో ఒక్కళ్ళు పలకరిస్తే ఒట్టు. దూరంనుంచి చెయ్యి ఎత్తుతారు, తల వంచుకుని పోతారు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎవరో ఒకరి పందిరి కింద మడత కుర్చీలు గుండ్రంగా వేసుకుని పకపకలాడతారు. ఆర్డిత్ అటుగా నడిస్తే గొంతులు తగ్గిపోతాయి. ముభావానికి మా డకోటావాళ్ళే పెట్టింది పేరు అనుకునేది ఆవిడ. వీళ్ళు మాకు తాతల్లా ఉన్నారే అనుకుంది. రాత్రి పడుకుని, ఇంత మంచి ఎండలో కూడా ఇలా చలేస్తుందేమిటి అనుకుంది.

అందుకని ట్రైలర్ అమ్మేసి అక్క ఇంటి కింది గదిలో చేరిపోదామని నిశ్చయించుకుంది. ఆఫీసు గోడకి చీటీ అంటించింది. హాస్కెల్ అనే ఆయన ఫోన్ చేసి, శుక్రవారం నాలుగింటికి వచ్చి చూస్తానన్నాడు.

ఆ వారం సోమవారం పొద్దున్నే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, కాఫీ మిషను ఆగిపోయింది. నెత్తిమీద లైటు వెలుగుతోంది. నీళ్ళ మోటారు తిరుగుతోంది. వంటింటి ప్లగ్గులో మాత్రం ప్రాణం లేదు. ఒకే ఇంట్లో సగానికి కరెంటు ఉండి సగానికి లేకపోవడమేమిటో ఆర్డిత్‌కి అంతుపట్టలేదు. ట్రైలర్లో రెండు రకాల కరెంటు ఉంటుందని, ఒకటి లోపలి బ్యాటరీది, ఒకటి బయట స్తంభానిదని, లైల్ చెప్పబోతూ ఉండేవాడు. ఆయన మొదలెట్టినప్పుడల్లా ఆవిడ రేడియో గొంతు పెంచేది. ఆ రేడియో ఎందుకు పెంచానా అని ఇప్పుడు ఏడుపొచ్చింది.

ఆఫీసులో చెబితే అక్కడి అమ్మాయి, "డెల్బర్ట్‌ని పంపిస్తానండీ," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డెల్బర్ట్ వచ్చాడు. కాఫీ మిషనుకి నమస్కారం పెట్టినంత పని చేశాడు. స్నానాల గదిలోకి తొంగిచూశాడు. గోడలో ఉన్న ఫ్యూజుల పెట్టె మూత తీసి, రెండు కళ్ళజోళ్ళూ మార్చి మార్చి పెట్టుకుని, వీపు అడ్డంగా ఉంచి చాలాసేపు ఏదో చూశాడు. మూత వేశాడు. బయటికి వచ్చి, ట్రైలర్ పక్కన పైన చుట్టి ఉన్న గుడ్డ పందిరి వంక చూశాడు.

"ఈ పందిరి దించరా అమ్మా?"

"దిగదండీ. స్విచ్చి నొక్కితే ఉలకదు, పలకదు. అయినా ఒంటిదానికి పందిరెందుకు? ప్లగ్గు బాగుచేసి పెట్టండి చాలు. శుక్రవారం కొనేవాళ్ళొస్తున్నారు."

"అమ్మేస్తారా?"

"ఇక్కడెవరున్నారని ఉండను?"

డెల్బర్ట్ మీటరు తీసి గాల్లో ఇటూ అటూ తిప్పాడు.

"ఫాల్టు ఇక్కడ లేదమ్మా."

"ప్లగ్గు ఇక్కడే ఉందిగా!"

"ప్లగ్గు ఇక్కడుంది. ఫాల్టు నోరీన్ దగ్గరుంది."

"నోరీన్ ఎవరు?"

"మీ పక్కావిడ. టార్చిలైటు పట్టుకుని రండి. నాకు రెండు చేతులే ఉన్నాయి."

ఏ జబ్బుకి ఏ మందో తెలీని అయోమయంలో ఆర్డిత్ టార్చి పట్టుకుని వెంట నడిచింది.

నోరీన్ తలుపు తీసింది. యథాప్రకారం తలనిండా రోలర్లు. డెల్బర్ట్ ఆవిడ చెవిలో ఏదో గొణిగాడు. ఆవిడ ఆర్డిత్ వంక చూసి, గతుక్కుమని, లోపలికి పోయి, తిరిగి వచ్చింది.

"అవునవును, పొద్దుట్నుంచి మా ఇంట్లోనూ కరెంటే లేదు! చచ్చిపోతున్నామనుకో!"

ఆ మాట అంటూ ఉండగానే ఆవిడ వెనకాల టీవీలో ఎవరో పగలబడి నవ్వారు.

"టీవీ వస్తోందే?" అంది ఆర్డిత్.

"అది వేరే కరెంటు," అన్నాడు డెల్బర్ట్ తడుముకోకుండా.

లైల్ చెప్పబోయిన సంగతి ఇదే కాబోలనుకుని ఆర్డిత్ నోరు మూసుకుంది. డెల్బర్ట్ ఫ్యూజుల పెట్టె ముందు ఆవిణ్ణే కూర్చోబెట్టాడు. గోరంత ప్లాస్టిక్ ఫ్యూజుల్ని ఒక్కొక్కటే లాగించి, టార్చికి ఎదురుగా పట్టించాడు. "లోపల సన్న తీగ కనిపిస్తోందా? కనిపిస్తే బతికుంది. తెగి ఉంటే పోయింది." వాటిలో ఒక ఎర్రది మూల విరిగి ఉంది. దాని తీగ తెగి ఉంది. ఆర్డిత్ దాన్ని తీసి మంచిది పెట్టింది. వంటింట్లో లైటు వెలిగింది. తన చేత్తో బాగుచేస్తే ఒక లైటు వెలగడం ఆవిడకి జీవితంలో అదే మొదలు.

నోరీన్ కాఫీ పెట్టింది, దాల్చినచెక్క రొట్టెలు వేడిచేసింది. ఆవిడ భర్త కథ, మోకాళ్ళ కథ, కెనడాలో వాళ్ళ సస్కాచువాన్ చలి కథ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. గుమ్మం దిగాక ఆర్డిత్‌కి గుర్తొచ్చింది.

"నా ప్లగ్గో?"

"అది రేపమ్మా," అన్నాడు డెల్బర్ట్. "ఫాల్టు ఇంకొంచెం ముందుకి జరిగింది."

ఫాల్టు జరగడమేమిటో, మేకలాగా పార్కంతా తిరగడమేమిటో ఆర్డిత్‌కి తలా తోకా తెలియలేదు. కానీ మర్నాడు పొద్దున టార్చిలో కొత్త బ్యాటరీలు వేసి ముందే గుమ్మంలో నిలబడింది.

మంగళవారం ఫాల్టు ఒక్కరాత్రి క్లైడ్ ఇంట్లో ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన కరెంటు మిషనుతో గడ్డం గీసుకుంటున్నాడు. డెల్బర్ట్ పక్కనుంచి దూరి గోడమీద ఏదో నొక్కాడు. మిషను గప్‌చిప్ అయింది. క్లైడ్ ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ తెల్లగా బయటికి వచ్చాడు.

"నిక్షేపంలాంటి కరెంటు తీసేశావేంట్రా ముసలోడా!"

"నేను తియ్యలేదు, పోయింది. ఈవిడ బాగుచేస్తారు."

"నేనా?" అంది ఆర్డిత్.

"మీరే. నీళ్ళున్నచోట ఉండే ప్లగ్గుకి ఒక బొత్తాం ఉంటుంది. తడి తగిలితే అది అలిగి కూర్చుంటుంది. అది అలిగితే దాని వెనకాల ఉన్న ప్లగ్గులన్నీ అలుగుతాయి. వెతకండి."

క్లైడ్ స్నానాల గదిలో వెతకడమంటే మాటలు కాదు. తువ్వాళ్ళు, చేపల వల, పేకముక్కల కట్టలు. అన్నీ తొలగించుకుంటూ పోయి, ఆర్డిత్ ఆ బొత్తాం పట్టుకుని నొక్కింది. టక్కుమంది. క్లైడ్ చేతిలో గడ్డం మిషను ఒక్కసారిగా బుర్రుమని లేచి ఆయన మీసంలో సగం ఎత్తుకుపోయింది. క్లైడ్ అద్దంలో చూసుకుని, "సరే, ఇదీ ఒక అందమే," అన్నాడు. ఆర్డిత్ నవ్వింది. గోడకి ఆనుకుని, పక్కలు పట్టుకుని నవ్వింది. లైల్ పోయాక ఇలా నవ్వడం ఇదేనని నవ్వు ఆగాక తెలిసింది.

నవ్వుతూ నవ్వుతూనే ఏదో తట్టింది. గబగబా ఇంటికి పోయి, తన స్నానాల గదిలో వేలాడుతున్న తువ్వాలు ఎత్తింది. వెనకాల ప్లగ్గు, ప్లగ్గు మీద అదే బొత్తాం. నొక్కింది. వంటింట్లో కాఫీ మిషను గురగురమంది.

ఆవిడ పరుగెత్తి డెల్బర్ట్‌కి చెప్పింది. ఆయన మొహం వేలాడేశాడు.

"అదెలా? ఫాల్టు మీ దగ్గర లేదని నేను చెప్పానుగా!"

"ఉంది మరి!"

"ఎవరో తెచ్చి పెట్టి ఉంటారు," అన్నాడు డెల్బర్ట్ సీరియస్‌గా. "సరే, మిగిలింది పందిరి. దాని ఫాల్టు రూడీ ఇంట్లో ఉంది. రేపు రండి."

పందిరి అక్కర్లేదని ఆర్డిత్ ఆ రోజు అనలేదు. హాస్కెల్‌కి చూపించాలంటే అన్నీ పనిచేయాలి కదా అని తనకి తానే సర్ది చెప్పుకుంది.

బుధవారం రూడీ ఇంట్లో పచ్చిమిరపకాయల కూర ఉడుకుతోంది. "కరెంటు లేదు, ఏమీ లేదు, ముందు తినండి," అన్నాడు రూడీ. తిన్నాక ఆర్డిత్ ఎవరూ చెప్పకుండానే ఫ్యూజుల పెట్టె ముందు కూర్చుంది. లాగింది, టార్చికి పట్టింది, పోయినదాన్ని పట్టేసింది. ఎర్రది. దాని మూల విరిగి ఉంది.

"ఇది నోరీన్ ఇంట్లో చూసినట్టుందే!"

"అన్నీ ఒకేలా ఉంటాయమ్మా," అన్నాడు డెల్బర్ట్.

"ఒకే మూల విరుగుతుందా?"

"ఎడారి ఎండ. ఏం చేస్తాం."

ఆయన ఫ్యూజు తీసుకుని జేబులో వేసుకుని, మీటరు అందుకున్నాడు. ఆర్డిత్ దానిలోకి తొంగి చూసింది. అద్దంలో అంకె లేదు, గీత లేదు. మీటరు తిప్పి చూస్తే వెనక మూత లేదు. మూత ఉండాల్సిన చోట బ్యాటరీ కూడా లేదు.

"డెల్బర్ట్ గారూ, ఇందులో ఏమీ కనపడటం లేదు!"

"ఏమీ లేదని చూపిస్తోందన్నమాట. దాని పని అది చేస్తోంది."

రూడీకి పొలమారింది. ఆర్డిత్ ఆయన వీపు మీద చరిచి, ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. వీళ్ళకి పిచ్చా, తనకి పిచ్చా తేలలేదు. తేలకపోయినా ఆ పూట ఇంటికి పోబుద్ధి కాలేదు.

గురువారం నోరీన్ ఇంట్లో బట్టలు మడతపెడుతూ, ఆర్డిత్ కడుపులో ఉన్నది అడిగేసింది.

"నోరీన్, నువ్వింత మంచిదానివి. రూడీ అంత మంచివాడు. నేను వచ్చినప్పట్నుంచి ఒక్కళ్ళయినా నా గుమ్మం తొక్కలేదేం? నేను చేసిన తప్పేమిటి?"

నోరీన్ మడత ఆపింది.

"తప్పేమిటి, నీ పందిరి చుట్టి ఉందిగా?"

"అయితే?"

"అయితే ఏమిటి! పందిరి దించి ఉంటే రమ్మని. చుట్టి ఉంటే ఒంటరిగా వదిలెయ్యమని. ఈ పార్కులో చిన్నా పెద్దా అందరికీ అదే లెక్క. చుట్టిన పందిరి దగ్గరికి పోయి తలుపు కొడితే ఎంత మర్యాద తక్కువ! పైగా మీ ఆయన పోయాడని ఆఫీసులో విన్నాం. దుఃఖంలో ఉంది, మనుషులు వద్దనుకుంటోంది అనుకున్నాం. నువ్వు అటుగా వెళ్తుంటే గట్టిగా నవ్వడానికి కూడా భయపడి చచ్చాం."

ఆర్డిత్ చేతిలో తుండుగుడ్డ అలాగే ఉండిపోయింది.

"అయ్యో నా రాతా! నేను చుట్టుకుని కూర్చోలేదే! అది చెడిపోయింది, అంతే!"

తలుచుకుంటే కోపమొచ్చింది. ఆ కోపం నోరీన్ మీద కాదు. సోమవారమే పందిరి వంక చూసి, సంగతంతా తెలిసి, నోరు మెదపని ఆ పొడుగు మనిషి మీద. విసవిసా పోయి ఆయన ముందు నిలబడింది.

"నా పందిరి ఇప్పుడే బాగుచెయ్యండి. నా ఇంట్లోనే చెయ్యండి. ఇంకో ఇంటికి పోయారంటే ఊరుకోను."

డెల్బర్ట్ కళ్ళజోడు తీశాడు. ఆయన వేళాకోళం లేకుండా మాట్లాడటం ఆవిడ చూడటం అదే మొదటిసారి.

"అది నేను చెయ్యకూడదమ్మా. ఎవరి పందిరి వాళ్ళే దించాలి. నేను దించితే, రమ్మన్నది నేనవుతాను. మీరవరు."

ఆర్డిత్ తిట్టడానికి వచ్చి, తిట్టకుండా, పూర్తిగా తికమకపడి వెనక్కి నడిచింది.

శుక్రవారం నాలుగింటికి హాస్కెల్ వచ్చాడు. పొట్టిగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో కొలత టేపుతో. లోపలికి రాకుండానే మొదటిమాట అడిగాడు.

"పందిరి దిగుతుందా?"

"లోపల చూడరా?"

"లోపలిది సరే, పందిరి ముఖ్యం. దిగకపోతే నాకొద్దు."

ఆర్డిత్ పైన చుట్టి ఉన్న పందిరి వంక చూసింది. పందిరి దిగకపోతే ఈయన వెళ్ళిపోతాడు. దిగితే కొంటాడు, రేపు తను మైనాట్ దారి పట్టాలి. ఏది జరగాలో ఆవిడకే తెలియలేదు. అయినా టార్చి తీసి ఫ్యూజుల పెట్టె మూత తెరిచింది. సోమవారం డెల్బర్ట్ చూశాక ఆ మూత ఎవరూ తీయలేదు. ఒక్కొక్కటే లాగి వెలుగుకి పట్టింది. తీగ ఉంది. తీగ ఉంది. తీగ తెగింది. ఇదే. కొత్తది ఎక్కడ దొరుకుతుందా అని తల ఎత్తేసరికి, మూత లోపలివైపు, కాగితపు టేపుతో అంటించి, అదే రంగు కొత్త ఫ్యూజు కనిపించింది.

ఆర్డిత్ దాని వంక చూస్తూ నిలబడింది. సోమవారం ఆయన వీపు అడ్డం పెట్టి చేసింది ఇదన్నమాట.

ఫ్యూజు పెట్టి, బయటికి వచ్చి, స్విచ్చి నొక్కింది. పైన మోటారు మూలిగింది. పందిరి మెల్లగా విప్పుకుంటూ దిగింది. దిగుతూ దిగుతూ గుప్పెడు ఎండుటాకులు రాల్చింది. అవి ఈ ఎడారి ఆకులు కావు. డకోటాలో వాళ్ళ పెరటి చెట్టువి. కిందటేడు ఆకురాలు కాలంలో లైల్ ఆ చెట్టు కింద నిలబడి చుట్టిపెట్టిన పందిరి అది. మళ్ళీ ఎవరూ విప్పలేదు. ఆర్డిత్ వంగి ఒక ఆకు తీసి జేబులో దాచుకుంది. కళ్ళు తుడుచుకుంది.

తల ఎత్తేసరికి వరసంతా ఇటే చూస్తోంది. పక్క పందిరి కింద నోరీన్ పేకముక్కలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. ఆవిడ లేచింది. తన కుర్చీ టపీమని మడిచింది. ఆ వెనకే ఇంకో టపీ, ఇంకో టపీ. కుర్చీలు చంకన పెట్టుకుని జనం బయలుదేరారు. నోరీన్ రోలర్లతో, కేకుతో వచ్చింది. రూడీ కూర గిన్నె తెచ్చాడు. క్లైడ్ మిగిలిన సగం మీసం కూడా తీసేసి వచ్చాడు. చూస్తూండగానే పందిరి కింద నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది.

"ఎవరండీ వీళ్ళంతా?" అన్నాడు హాస్కెల్, టేపు సగం లాగి.

"మా వాళ్ళు," అంది ఆర్డిత్. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. "హాస్కెల్ గారూ, ఏమీ అనుకోకండి. నేను అమ్మడం లేదు."

నోరీన్ ఆవిణ్ణి పక్కకి లాగి చెవిలో వేసింది. "మా ఇంట్లో కరెంటు పోలేదే పిచ్చిదానా. నీ దగ్గరికి మేం రాకూడదు కాబట్టి, నిన్నే మా దగ్గరికి తోలుకొస్తానని ఆ ముసలాడు అందరి చేతా అబద్ధాలాడించాడు. ఆ విరిగిన ఫ్యూజు ఇంటింటికీ తిప్పుతాడు. రూడీకీ ఇంతే చేశాడు. క్లైడ్‌కీ ఇంతే. నాకైతే రెండు వారాలు పట్టింది, నా బుర్ర అలాంటిది."

ఆర్డిత్ డెల్బర్ట్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కేకు ముక్కని మీటరుతో కొలుస్తున్నాడు.

"కొత్త ఫ్యూజు సోమవారమే పెట్టారు కదూ?"

"నేనా? పందిళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా?"

ఆర్డిత్ ఆయన బుగ్గమీద ముద్దు పెట్టుకుంది. డెల్బర్ట్ చెవులదాకా ఎర్రబడి, నెత్తిమీది కళ్ళజోడు కోసం మెడలో వెతుక్కున్నాడు.

హాస్కెల్ మాత్రం అంచున నిలబడి టేపు లోపలికి చుట్టుకుంటున్నాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. "నాది ఆ వెనక వరసలో," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "చిన్న పాత ట్రైలర్. దానికి పందిరి లేదు. ఒకటి కొనుక్కుందామని..." ఆ తర్వాతి మాట మింగేశాడు.

పందిరి కింద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డెల్బర్ట్ మెల్లగా లేచాడు.

"మీ ట్రైలర్లో లైట్లు సరిగ్గా వెలుగుతున్నాయా?"

"ఆ... అప్పుడప్పుడు మిణుకుమంటాయి. ఎందుకండీ?"

డెల్బర్ట్ మీటరు తీసి వెనక వరస వైపు చూపించాడు. అది ఎప్పటిలాగే ఏమీ చూపించలేదు. ఆయన తల పంకించాడు.

"ఫాల్టు మీ దగ్గర లేదు."

"మరెక్కడుంది?"

డెల్బర్ట్ ఆకాశం వంక చూస్తూ, వెనక్కి పెట్టిన చేత్తో ఆర్డిత్ అరచేతిలో ఏదో పెట్టాడు. ఆవిడ చూడక్కర్లేకపోయింది. మూల విరిగి ఉంది.

ఆర్డిత్ ఏమీ ఎరగనట్టు లోపలికి పోయింది. ఒక నిమిషంలో గుమ్మంలోకి వచ్చి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యయ్యో, మా ఇంట్లో కరెంటు పోయింది! ఒక్క దీపం వెలిగితే ఒట్టు!"

ఆవిడ వెనకాల కాఫీ మిషను గురగురమంటూ ఆవిరి కక్కుతోంది. నోరీన్ గట్టిగా దగ్గింది. హాస్కెల్ మెడ సాచి లోపలికి చూశాడు.

"మరి కాఫీ కాగుతోందే?"

"అది వేరే కరెంటు లెండి," అంది ఆర్డిత్, ఆయన చేతిలో టార్చిలైటు పెడుతూ. "లోపలికి రండి, పట్టుకోవడానికి మనిషి లేడు."